పెద్దవాళ్ళకి చిన్న అంకె

పదకొండు కొట్టింది. ఇంకా గంట ఉంది. ఆమె జవాబులు చెబుతోంది, ఆమె బదులు నేను రాస్తున్నాను, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న పర్యవేక్షకుడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన పని అదే. ఆమె చెప్పనిది నేను రాయకుండా, నేను అనకూడనిది ఆమె వినకుండా చూడటం. పరీక్ష రాసే మిగతా వాళ్ళంతా కింద పెద్ద హాల్లో ఉన్నారు. మా మాటలు వాళ్ళ చెవిన పడకూడదని మమ్మల్ని మూడో అంతస్తులో ఈ చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన విరిగిన స్టూళ్ళు, చుట్టచుట్టి మూలన నిలబెట్టిన పటాలు, ఒక గాజు బీరువా, అందులో మూతలు బిగుసుకుపోయిన ఖాళీ సీసాలు. బీరువా అద్దంలో నా మొహం కనపడుతోంది. రాసేటప్పుడు నోరు అంత గట్టిగా బిగిస్తానని నలభై ఏడేళ్ళు వచ్చాక ఈరోజే తెలిసింది.

"ఈథీన్," అందామె. "థకి గుడిదీర్ఘం. ఏత్వం కాదండీ, ఒకసారి చూసుకోండి."

"గుడిదీర్ఘమే," అన్నాను.

అంతవరకు అనవచ్చు. రాసింది రాసినట్టు చెప్పవచ్చు, వినపడకపోతే మళ్ళీ చెప్పమనవచ్చు, అంతకు మించి ఒక్క అక్షరం పెగలకూడదు. ఈ గుణింతాల సంగతి ఆమె పొద్దున్నే వరండాలో చెప్పింది, ఇంకా ఎవరి పేరు ఎవరికీ పూర్తిగా నోరు తిరగకముందే. ఈథేన్, ఈథీన్, ఈథైన్. థకి ఏత్వం ఇస్తే రెండు కర్బనాలు ఒక చేత్తో పట్టుకున్నట్టు, గుడిదీర్ఘం ఇస్తే రెండు చేతులతో, ఐత్వం ఇస్తే మూడింటితో. పదార్థమే మారిపోతుంది. పోయినసారి ఆమెకు రాసిపెట్టిన అమ్మాయి మూడింటికీ ఏత్వమే ఇచ్చుకుంటూ పోయిందట. "పాపం ఆ పిల్లనేం అనను. తనకి మూడూ ఒకలాగే వినపడ్డాయి. తిరిగి చదివినప్పుడు తను చదవాల్సింది చదివింది, నేను వినాలనుకున్నది విన్నాను," అంది నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఒక ఏడాది పోయింది. అంతకుముందు ఏడాది మాత్రం తప్పు తనదేనట. ఇది మూడోసారి.

ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు ఆమె. ఏ డాక్టరు గది నంబరు ఎంతో కాగితం చూడకుండా చెప్పగలదు, చూసే వీలూ లేదు. డిగ్రీ రెండో ఏడాదిలో చూపు పోవడం మొదలైందట, ముందు పక్కలు, ఆ తర్వాత నడిమి, ఏడాదిన్నరలో మొత్తం. పందొమ్మిదేళ్ళకి ఆగిన చదువుని పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ అందుకుంది, అన్నీ గట్టెక్కింది, ఈ ఒక్క కర్బన రసాయనం తప్ప. చెప్పేటప్పుడు వేళ్ళు బల్ల మీద పరిచి కూర్చుంటుంది. నేను ప్రశ్నలోని బొమ్మని ఎడమ నుంచి కుడికి అక్షరాల్లో చదువుతాను, ఆమె ఒక్కో వేలినీ ఒక్కో కర్బనం చేసుకుంటుంది. ఐదు దాటితే రెండో చేతి బొటనవేలు వచ్చి చిటికెన వేలి పక్కన చేరుతుంది. ఎక్కడైనా కొమ్మ ఉంటే ఆ వేలిని గోటితో నొక్కుతుంది. నొక్కిన చోట తెల్లగా మారి, మెల్లగా ఎర్రబడుతుంది. పొద్దున్నుంచి ఆ వేళ్ళు చూస్తూనే ఉన్నాను. చూడకూడదని ఎవరూ అనలేదు.

నేను దస్తావేజులు రాస్తాను. రిజిస్ట్రారు కచేరీ ముందు రేకుల వసారాలో ఇరవై రెండేళ్ళుగా ఒకే బల్ల. ఇళ్ళు, స్థలాలు, పంపకాలు, దత్తతలు. కంప్యూటర్లు వచ్చాక చాలామంది లేచిపోయారు, నేను కూడా టైపు నేర్చుకుని ఉండిపోయాను, కానీ నా చేతిరాత అంటే ఇంకా కొందరికి ముచ్చట. పోయిన వారం ఈ కాలేజీ గుమాస్తా వచ్చి, చక్కగా రాసే మనిషి కావాలి, కెమిస్ట్రీ మాత్రం చదివి ఉండకూడదు అన్నాడు. చదవలేదు అన్నాను. పది తర్వాత టైపు తరగతికి వెళ్ళాను, అంతే. ఈ ఉదయం ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టాను, పై విషయమును నేను అభ్యసించియుండలేదు అని. ఇలాంటి వాక్యాలు రాయడమే నా బతుకు, అందుకని ఆ మాట దగ్గర నా చూపు కాసేపు నిలిచింది. అభ్యసించడం అంటే ఏమిటి? పుస్తకం తెరవడమా? అయితే తెరవలేదు. పరీక్ష రాయడమా? రాయలేదు. సంతకం పెట్టేశాను.

కానీ అన్నయ్య పైకి చదివేవాడు. మాకు ఉన్నది ఒకటే గది, అందులో ఒక పక్క పొయ్యి, ఒక పక్క మంచం. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి గుమ్మం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి గుమ్మం దాకా పచార్లు చేస్తూ చదివేవాడు. నోరు ఆగితే వాడికి బుర్ర ఆగేది. వాడి చదువు వాడికి ఎక్కుతోందో లేదోగానీ గోడలకి మాత్రం ఎక్కేసింది అనేది అమ్మ. నేను గోడ వారన కూర్చుని వీధి చివర దర్జీకి కాజాలు కుట్టేదాన్ని. చొక్కాకి ఏడు కాజాలు. కింది నుంచి మొదలుపెడితే మొదటిది మీథేన్, రెండోది ఈథేన్, మూడోది ప్రొపేన్, తర్వాత బ్యూటేన్, పెంటేన్, హెక్సేన్, కాలరు దగ్గరికి వచ్చేసరికి హెప్టేన్. నా సూది వాడి అడుగులతో నడిచేది. పొడవైన గొలుసు ఎంచుకో. దగ్గరి కొస నుంచి లెక్కపెట్టు. కొమ్మల పేర్లు ముందు, గొలుసు పేరు తర్వాత. నాకు బొమ్మ తెలియదు, పుస్తకంలో ఆ గొలుసు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, బొత్తాల వరసే నాకు గొలుసు. వాడు తడబడిన చోట నా సూది ఆగేది. నీకేం తెలుసే అన్నట్టు చూసేవాడు. నాకేం తెలుసు, నిన్న ఇలా అనలేదు నువ్వు, అంతే తెలుసు. ఒకసారి పైకే అనేశాను. "దీని నోట్లో నువ్వుగింజ నానదు," అని వాడు అమ్మతో చెప్పాడు, కానీ ఆ మాట మార్చుకున్నాడు. ఇప్పుడు లారీలు తిప్పే కంపెనీలో పెద్ద ఉద్యోగం. పోయినేడు ఏదో మాటల్లో అడిగితే, ఎప్పటి గోలే అది, పరీక్షయిన మర్నాడే పుస్తకం వదిలించుకున్నాను, ఒక్క ముక్క గుర్తులేదు అన్నాడు. గుర్తున్నదాన్ని ఎవరూ అడగలేదు. అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

"నాలుగో ప్రశ్న, మూడోది," అందామె. "చదవండి."

"ఈ కింది సమ్మేళనానికి సరైన పేరు రాయుము. రెండు మార్కులు," అని చదివాను. "ఎడమ నుంచి. సి హెచ్ త్రీ. గీత. సి హెచ్, దాని కింద కొమ్మగా సి హెచ్ త్రీ. గీత. సి హెచ్ టూ. గీత. సి హెచ్ టూ. గీత. సి హెచ్, దాని కింద ఓ హెచ్. గీత. సి హెచ్ త్రీ."

వేళ్ళు కదిలాయి. బొటనవేలు. చూపుడు వేలు, దాని మీద గోరు, అది మిథైల్ కొమ్మ. మధ్యవేలు, ఉంగరపు వేలు. చిటికెన వేలు, దాని మీద మళ్ళీ గోరు, ఓ హెచ్. అవతలి చేతి బొటనవేలు. మొత్తం ఆరు. రెండోదాని మీద ఒకటి, ఐదోదాని మీద ఒకటి. ఏ కొస నుంచి లెక్కపెట్టినా రెండూ ఐదే వస్తాయి. ఆ ప్రశ్నలో తవ్విపెట్టిన గొయ్యి అదే. ఎవరికి రెండు, ఎవరికి ఐదు? పొయ్యి దగ్గర వెనక్కి తిరుగుతూ అన్నయ్య వేలు ఆడిస్తున్నాడు. ఓ హెచ్ పెద్దాయన, మిథైల్ కుర్రాడు. పెద్దవాళ్ళకి చిన్న అంకె. ముందు పెద్దాయనకి కుర్చీ వెయ్యి, కుర్రాళ్ళు ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు. ఆ మాట వాడు పుస్తకంలోది చదివింది కాదు, గుర్తుండటానికి కట్టుకున్నది. అందుకే నాకూ ఉండిపోయింది.

"రాయండి," అందామె. "రెండు, గీత, మిథైల్, హెక్సన్, గీత, ఐదు, గీత, ఓల్. ఓత్వం అండీ. ఆల్ కాదు, ఓల్."

నేను చదివిన వైపు నుంచే లెక్కపెట్టింది. ఎడమ నుంచి చదివింది నేను. మిథైల్ ముందు వినపడింది, దానికే కుర్చీ వేసేసింది. నా కలం అంకె వేయడానికి కాగితం మీదకి వంగి అక్కడే ఉండిపోయింది. వినపడలేదు, మళ్ళీ చెప్పండి అనవచ్చు. పొద్దున్నుంచి రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ నిజంగానే వినపడక. మూడోసారి అన్నా పర్యవేక్షకుడు కనురెప్ప కూడా కదపడు. మళ్ళీ చెప్పబోతూ ఆమె తనే పట్టుకోవచ్చు. ఎవరూ కనిపెట్టలేని అబద్ధం, ఎవరికీ నష్టం లేని అబద్ధం, మూడేళ్ళుగా ఈ ఒక్క పేపరు చుట్టూ తిరుగుతున్న మనిషికి రెండు మార్కులు. బీరువా అద్దంలో నా నోరు ఇంకా బిగుసుకునే ఉంది. 2-మిథైల్ హెక్సన్-5-ఓల్. రాసేశాను. ఆ అంకెలు ఎంత అందంగా పడ్డాయో, ఐదు పొట్ట గుండ్రంగా, చూస్తే సిగ్గేసింది.

"రాశాను," అన్నాను.

"తర్వాతది."

తర్వాతది రాశాను, ఆ తర్వాతది కూడా. చెయ్యి రాసుకుపోతోంది, మనసు మాత్రం మా వసారాలో ఉంది. నాకు పని నేర్పిన లేఖరి పెద్దాయన అనేవాడు, చెప్పింది రాయి, అనుకున్నది రాయకు అని. మొదట్లో నాకు అది కోపంగా ఉండేది. ఒక ముసలమ్మ తన వాటా ఇల్లు మనవరాలి పేర రాయించడానికి వచ్చింది, తన పేరు అడిగితే ఇంట్లో పిలిచే రెండక్షరాల పేరు చెప్పింది. దస్తావేజులో ఇంత పొట్టి పేరేమిటని, మర్యాదగా ఉంటుందని, దాన్ని లాగి నాలుగక్షరాలు చేసి రాశాను. లోపల బంట్రోతు ఆ పేరు మూడుసార్లు పిలిచాడు. ముసలమ్మ నా పక్కనే కూర్చుని, "ఎవరమ్మా ఆవిడ, పాపం అన్నిసార్లు పిలుస్తున్నా పలకదు?" అంది నన్నే. కచేరీ అంతా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నువ్వు రాసింది ఆమె పేరు కాదు, నీ ఇష్టం అన్నాడు. ఆ రోజు నుంచి పొల్లు పోకుండా చెప్పింది చెప్పినట్టు రాశాను. కానీ దస్తావేజులో అనుమానం వస్తే అడగవచ్చు. తూర్పు హద్దు ఇదేనా, మళ్ళీ ఆలోచించుకో తల్లీ అనవచ్చు. ఇక్కడ తూర్పుని పడమరగా చెబుతుంటే వింటూ కూర్చోవాలి. ఇది ఆమె స్థలం, ఆమె హద్దులు. తప్పు కూడా ఆమె ఆస్తే అనుకుంటే కాస్త ఊరట. మళ్ళీ వెంటనే, అలా అనుకోవడం నా ఊరట కోసమే కదా అని ఇంకో ఆలోచన. కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేశారు. గోడ మీద ఎండ పటాల దాకా పాకింది. పర్యవేక్షకుడు ఆవలింత ఆపుకున్నాడు.

ఇరవై నిమిషాలు ఉందనగా ఆమె చేతులు దులుపుకుని, "అయిపోయిందండీ. ఇక మొదటి నుంచి మొత్తం చదవండి," అంది.

దీని గురించి ఆలోచించనే లేదు నేను. రాసేటప్పుడు చేతిని లొంగదీశాను, ఇప్పుడు గొంతుని లొంగదీయాలి. మా కచేరీలో బంట్రోతు పేర్లు పిలిచినట్టు చదవాలని నిర్ణయించుకున్నాను. పెళ్ళివాళ్ళనీ తగువులవాళ్ళనీ ఒకే గొంతుతో పిలుస్తాడు. ఒకటో ప్రశ్న, రెండో ప్రశ్న, మూడు. గుణింతాలు ఉన్నవి ఉన్నట్టు పలుకుతున్నాను. నాలుగు, ఒకటోది. రెండోది. మూడోది. రెండు గీత మిథైల్ హెక్సన్ గీత ఐదు గీత ఓల్. గొంతు వణకలేదు, దిగలేదు, సాగలేదు. నాకు నేనే శభాష్ చెప్పుకోదగ్గట్టు చదివాను. ఎదురుచూశాను. బల్ల మీద వేళ్ళు ఒకసారి విచ్చుకుని మళ్ళీ ముడుచుకున్నాయి.

"ఊఁ," అంది కాసేపటికి. "ముందుకి వెళ్ళండి."

ఐదో ప్రశ్న చదువుతుంటే చెయ్యెత్తింది. "అక్కడ ప్రొపనాల్ అని చెప్పానా? కొట్టేయండి. ప్రొపనోల్. ఓత్వం." కొట్టేసి రాశాను. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. ఇంత చిన్నదాన్ని పట్టుకున్న మనిషి అంత పెద్దదాన్ని ఎలా వదిలేసింది? ఇంకోసారి చదవమను, నాలుగోది ఒక్కసారి చదవమను తల్లీ అని లోపల గింజుకుంటున్నాను. బయటికి పేజీ తిప్పాను. గంట కొట్టారు.

పర్యవేక్షకుడు జవాబు పత్రాలు దారం వేసి కట్టి, లక్క సీలు వేసి, ఒక కాగితం నా ముందు పెట్టాడు. వ్రాయు వ్యక్తి అభ్యర్థికి ఎట్టి సహాయమును చేయలేదు. ఆయన సంతకం అప్పటికే ఉంది. "నాది హిస్టరీ అమ్మా," అన్నాడు కలం అందిస్తూ. "మూడు గంటలు మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క ఎక్కలేదు. అందుకే నన్ను వేసినట్టున్నారు." నేను సంతకం పెట్టాను, ఈసారి ఏ మాట దగ్గరా ఆగకుండా. సహాయం చేయలేదు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మెట్ల దగ్గర ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. బరువు వేయకుండా, ఊరికే ఆనించి. పది మెట్లు దిగాక అంది, "నాలుగో ప్రశ్నలో మూడోదాని దగ్గర మీరు ఆగారు."

"నేనా? మీరు చెప్పిందే రాశానండీ, అక్షరం తేడా లేకుండా..."

"రాశారు. కాదనడం లేదు. పొద్దున్నుంచి నా మాట పూర్తయ్యేలోపే మీ కలం సగంలో ఉండేది. అక్కడ ఒక్కచోట కాగితం మీద చప్పుడే లేదు. ఎందుకు లేదా అనుకున్నాను. అనుకోగానే తెలిసిపోయింది, తప్పు కొస నుంచి లెక్కపెట్టానని."

మెట్ల మలుపులో ఇద్దరం నిలబడిపోయాం. పైనుంచి ఎవరో దిగుతుంటే గోడ వైపు జరిగాం. గొంతుని లొంగదీశాను, మొహాన్ని లొంగదీశాను, కానీ నా చేతికి ఆమె చెవులు కాపలా ఉంటాయని నాకు తోచలేదు.

"మరి తిరిగి చదివినప్పుడు మార్చలేదేం?" అన్నాను. "ప్రొపనోల్ మార్చారుగా?"

"ప్రొపనోల్ నాకు నేనుగా పట్టుకున్నది. ఇది మీ కలం చెప్పింది. పన్నెండేళ్ళు ఆగి ఇంకొకరి జవాబుతో గట్టెక్కడం నాకెందుకండీ?"

ఆమె మామూలుగానే అంది, ఫోనులో గది నంబరు చెప్పినట్టు. నేను ఆగకుండా రాసి ఉంటే, తిరిగి చదివినప్పుడు ఆ తప్పుని కూడా తనంతట తనే పట్టుకునేదేమో. ప్రొపనోల్‌ని పట్టుకున్న మనిషి పట్టుకోలేదా? నేను సహాయం చేయలేదని సంతకం పెట్టాను. చేసింది అంతకంటే పెద్దది. ఆమెకి తనే దిద్దుకునే వీలు లేకుండా చేశాను, అదీ ఒక్క మాట మాట్లాడకుండా. ఆ మాటే ఆమెతో అన్నాను, తిన్నగా రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"పట్టుకునేదాన్నేమో. పట్టుకునేదాన్ని కాదేమో," అంది. "దానికి మీరేం చేస్తారు? చెయ్యి కట్టేసుకుని రాస్తారా? పదండి, కింద ఎండగా ఉన్నట్టుంది, గాలి వెచ్చగా తగులుతోంది."

ఆమె పాసయింది. ఆ కబురు నలభై రోజుల తర్వాత ఆసుపత్రి ఫోను నుంచే వచ్చింది, కావలసినదానికి మూడు మార్కులు పైన. కానీ ఆ మెట్ల మీద అది ఇద్దరికీ తెలియదు. ఆ రెండు మార్కులతోనే ఆమెకి ఇంకో ఏడాది పోయిందేమో అన్న భయం ఆ నలభై రోజులూ నాతో పాటు బల్ల దగ్గర కూర్చుంది.

"సంగతేమిటో చెప్పండి మరి," అందామె రెండో అంతస్తు దాటాక. "చదవలేదని రాసిచ్చారుగా?"

"చదవలేదు. విన్నాను." చొక్కాలు, కాజాలు, అన్నయ్య పచార్లు, గోడలకెక్కిన చదువు, అన్నీ చెప్పేశాను. ఎవరికీ చెప్పని సంగతులని చెబుతుంటేనే తెలిసింది. ఆమె ఎక్కడా మధ్యలో అడ్డుపడలేదు. చివరి మెట్టు మీద నా మోచెయ్యి వదిలి, నా వైపు తిరిగింది.

"అయితే ఇప్పుడు నేను అడుగుతాను, మీరు చెప్పండక్కా. రాసేవాళ్ళు ఎవరూ లేరులెండి. ఆరు కర్బనాలు. రెండోదాని మీద మిథైల్, ఐదోదాని మీద ఓ హెచ్. పేరేంటి?"

ఆవరణలో పిల్లలు జవాబులు సరిచూసుకుంటూ అరుచుకుంటున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ పేర్లు నా లోపల ఉన్నాయి గానీ ఒక్కటి కూడా నా జవాబుగా పైకి అన్నది కాదు. పలకడం ఎలా ఉంటుందో కూడా తెలియదు, వాడి గొంతులో తప్ప. పెదాలు తడుపుకున్నాను.

"ఐదు," అన్నాను. "గీత. మిథైల్. హెక్సన్. గీత. రెండు. గీత. ఓల్." కాస్త ఆగి, "ఓత్వం," అని కూడా అన్నాను.

ఆమె అవతలి చేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ మడుస్తూ వెనక్కి వచ్చింది. ఆ కాసేపూ నేను నిజంగా పరీక్ష హాల్లో ఉన్నట్టే నిలబడ్డాను.

"కరెక్ట్," అంది. "రెండు మార్కులు."

నేను చప్పుడు చేయలేదనే అనుకున్నాను.

"నవ్వినంత మాత్రాన మార్కులు పెరగవక్కా," అందామె.